పదహారు మంది, ఒకే జడ

ఫిబ్రవరి వచ్చిందంటే తెలుగునాట బళ్లలో వార్షికోత్సవాల హడావుడి మొదలవుతుంది. మధ్యాహ్నం చివరి రెండు పీరియడ్లూ ప్రాక్టీసుకి పోతాయి. ఒక గదిలో సినిమా పాటకు స్టెప్పులు, ఇంకో గదిలో ఏకపాత్రాభినయం, వరండాలో స్వాగత గీతం. ఈ జాబితాలో కోలాటానికి చాలాచోట్ల దక్కేది గ్రూపు ఐటమ్ హోదా. బాగా పాడేవాళ్లు, కూచిపూడి నేర్చుకుంటున్నవాళ్లు, డైలాగు గట్టిగా చెప్పగలిగేవాళ్లు ముందే ఎంపికైపోతారు. ఏ వేషమూ దక్కని పిల్లలకు రెండేసి కోలలిచ్చి గుండ్రంగా నిలబెడతారు. పాట మోగుతుంది, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, చప్పట్లు పడతాయి, తర్వాతి ఐటమ్ పేరు మైకులో వినబడుతుంది.

ఆ నాలుగు నిమిషాల్లో పిల్లలు చేసే పనేమిటో దగ్గరగా చూస్తే, ఆ సాయంత్రం జరిగే కార్యక్రమాలన్నిటిలోకీ కష్టమైనది అదేనని ఒప్పుకోవాలి.

ముందు కోల సంగతి. పొడవు మూరెడు, కాస్త అటూ ఇటూ. చేవ ఉన్న కర్రయితే టక్కుమని మోగుతుంది. మెత్తకర్ర చప్పుడు చప్పగా ఉండి పాటలో కలిసిపోతుంది. కొన్నిటికి చివర మువ్వలు కడతారు. కోలను కింది కొసకు కాస్త పైన, గుప్పిట బిగించకుండా పట్టుకోవాలి. దెబ్బ మణికట్టు నుంచి రావాలి. భుజం నుంచి వచ్చిన దెబ్బ ఎదుటి పిల్ల చేతిని ఝల్లుమనిపిస్తుంది, తాళమూ ఆలస్యమవుతుంది. రెండు కోలలు కలిసే చోటు ఛాతీ ఎత్తు దాటకూడదు, కళ్లకు రక్షణ అదే. కొత్తవాళ్లు తమ కోలనే చూసుకుంటూ ఆడతారు. చూడాల్సింది ఎదుటివాళ్ల ముఖం. ఇవన్నీ ఒక్కసారే అబ్బవు కాబట్టి, నేర్పడం తెలిసిన మాస్టారు మొదట్లో కోలలే ఇవ్వరు. చప్పట్లతో అడుగు కుదిరాకే కర్ర చేతికొస్తుంది.

మామూలుగా నేర్పే ఒక వరసలో నాలుగు దెబ్బలుంటాయి. మొదట తన కోలలు రెండూ ఒకదానికొకటి. తర్వాత ఎదుటివారి కుడి కోలకు తన కుడి కోల. మళ్లీ తన కోలలు. నాలుగో దెబ్బకు ఒళ్లు అటు తిప్పి వెనక ఉన్నవారితో. ఇది నిలబడి ఆడితే తేలికే. అడుగు కదలడం మొదలయ్యాక ప్రతి నాలుగు దెబ్బలకూ జత మారుతుంది. పదకొండేళ్ల పిల్ల కాలితో అడుగు, చేతులతో దెబ్బ, నోటితో పాట, కంటితో తర్వాతి జతను వెతకడం, అన్నీ ఒకేసారి చేస్తుంటుంది. ఇందులో ఏ ఒక్కటి జారినా తాళం తప్పేది ఆ పిల్ల ఒక్కతే కాదు. అటు ఒకరు, ఇటు ఒకరు గాలిలో కోల ఆడించి ఆగిపోతారు.

ఆటలో ఒక్కో అమరికను, ఒక్కో మలుపును కోపు అంటారు. ఆటగాళ్లు వెలుపలి ఉద్ది, లోపలి ఉద్ది అని రెండుగా ఏర్పడతారు. ఒకే వలయంగా ఆడేది ఏకకోలాటం, ఒకదానిలో ఒకటి రెండు వలయాలుగా ఆడేది జంట కోలాటం. ఒకే వలయంలో ఒకరు విడిచి ఒకరు ఎదురు దిశల్లో కదిలే కోపు కూడా ఉంది. పదహారు మంది పిల్లలుంటే ఎనిమిది మంది కుడికి, ఎనిమిది మంది ఎడమకు. ఒకరిని లోపలి నుంచి, తర్వాతివారిని వెలుపలి నుంచి దాటుకుంటూ పోతారు. తొమ్మిదో దాటు దగ్గర ప్రతి పిల్లకూ మొదట కలిసిన జతే మళ్లీ ఎదురవుతుంది, అప్పటికి వలయంలో సగమే తిరిగి ఉంటుంది. లెక్కల మాస్టారు కాగితం మీద చుక్కలు పెట్టి ఈ సంగతి చెప్పవచ్చు. పిల్లలు కాళ్లతో ముందే కనిపెట్టేస్తారు.

కోలాటం ఎప్పటిదో చెప్పాలంటే ఓరుగల్లు దాకా వెళ్లాలి. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళాధిపతి) జాయప సేనాని 1254 ప్రాంతంలో సంస్కృతంలో రాసిన ‘నృత్తరత్నావళి’ మార్గ నృత్తంతో ఆగిపోలేదు, జనం ఆడుకునే దేశి నృత్తాలకూ పెద్దపీట వేసింది. వాటిలో కర్రలతో జట్టుగా ఆడే దండరాసకం ఒకటి. సేనాధిపతి స్థాయి మనిషి ఊరి ఆటను శాస్త్రంగా రాయదగిందని అనుకున్నాడు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఈ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చారు. ఏడున్నర శతాబ్దాల తర్వాత ఆ ఆటను బడిలో మిగిలిపోయిన పిల్లల ఐటమ్‌గా చూడటం ఆటకూ అన్యాయమే, పిల్లలకూ అన్యాయమే.

కోలాటానికంతటికీ తలమానికం జడకోలాటం. మధ్యలో ఎత్తైన రాట. రాట లేకపోతే చెట్టుకొమ్మకో, పైకప్పు దూలానికో ఒక చక్రం వేలాడదీస్తారు. దాని నుంచి రంగురంగుల తాళ్లు దిగుతాయి. ఎనిమిది, పన్నెండు, పదహారు, ఎన్నయినా సరే, సరిసంఖ్య కావాలి. ఒక చేత తాడు కొస, రెండో చేత కోల. ఒకరు విడిచి ఒకరు ఎదురెదురు దిశల్లో కదులుతూ, ఒకసారి లోపలి నుంచి, ఒకసారి వెలుపలి నుంచి దాటుతుంటే తాళ్లు ఒకదాని మీదుగా ఒకటి పడి పైనుంచి కిందికి జడ అల్లుకుంటూ వస్తుంది. బేసి సంఖ్య అయితే వలయంలో ఏదో ఒకచోట పక్కపక్కవాళ్లిద్దరూ ఒకే దిక్కుకు నడవాల్సి వస్తుంది, అల్లిక అక్కడే చెడుతుంది. తరగతిలో పదిహేడో పిల్ల ఉంటే ఆ పిల్ల తాళాలు పట్టుకుంటుంది, లేదా పాట అందుకుంటుంది.

జడ దిగుతున్నకొద్దీ చేతిలోని తాడు పొట్టిదవుతుంది. వలయం దగ్గరపడుతుంది. మొదట బారెడు దూరంలో ఉన్నవాళ్లు చివరికి భుజాలు రాసుకునేంత దగ్గరకొస్తారు. అప్పుడు అడుగు చిన్నది చేసుకోవాలి, తాళం మాత్రం తగ్గకూడదు. తాడును మరీ బిగలాగితే చక్రం ఒకవైపు ఒరుగుతుంది, వదులు చేస్తే జడ వేలాడిపోతుంది. ఎంత బిగువు కావాలన్నది నోటితో చెప్పి నేర్పేది కాదు. పక్క తాడు తన తాడును తాకినప్పుడు చేతికి తెలిసిరావాలి.

అసలు పరీక్ష జడ విప్పేటప్పుడు. చూసేవాళ్లకు అల్లడమే గొప్పగా కనబడుతుంది. ఆడేవాళ్లకు గుండె దడదడలాడేది మాస్టారు విజిల్ వేసి వెనక్కి తిరగమన్నప్పుడే. ఆఖరి దాటులో ఒక పిల్ల తన జతను వెలుపలి నుంచి దాటిందనుకుందాం. తిరుగు దారిలో మొదటి అడుగుకే అదే జతను మళ్లీ వెలుపలి నుంచే దాటాలి. అప్పటిదాకా లోపల, వెలుపల, లోపల, వెలుపల అని ఒంటికి పట్టిన లయ మాత్రం ఈసారి లోపలికి వెళ్లమని తోస్తుంది. ఆ తోపును ఆ ఒక్క అడుగుకు ఆపుకోవాలి. పదహారు మందీ ఒకేసారి ఆపుకోవాలి. ఆపుకుంటే అల్లిన వరసకు సరిగ్గా తిరుగు వరసలో జడ కింద నుంచి పైకి విచ్చుకుంటుంది. ఒక్కరు తొందరపడితే ఆ చోట ముడి పడుతుంది. ఆ ముడి విప్పకుండా పైనున్న ఒక్క పేటా కదలదు. అందుకే రిహార్సళ్లలో ఎక్కువసేపు పోయేది ఈ ఒక్క మలుపు దగ్గరే. ముడి ఎవరి దగ్గర పడిందో వెతకాలంటే అందరూ కదలకుండా నిలబడాలి. ఒకరి తప్పు కోసం పదిహేను మంది ఓపిక పట్టడం, ఆ ఒకరు తప్పు ఎక్కడో చూపించి సరిచేసుకోవడం బడిలో ఇంత సహజంగా జరిగే సందర్భాలు అరుదు.

ఈ కళలో కథానాయిక వేషం లేదు. ముందు వరస, వెనక వరస లేవు. ఎవరి అమ్మానాన్న ఎంత పలుకుబడి ఉన్నవాళ్లయినా, వలయంలో వాళ్ల బిడ్డకు మధ్య చోటు ఇప్పించలేరు. అక్కడ రాట ఉంటుంది.

ఇక పాట. ఊళ్లలో కోలాటం నడిపించేవాడిని పంతులని, కోలన్న పంతులని, గరుడకంబమని పిలిచేవారు. ఆయన ఒక చరణం అందుకుంటే జట్టు అదే చరణాన్ని తిరిగి పాడుతుంది. పక్కన మద్దెల, తాళాలు. గణపతి ప్రార్థనతో మొదలై, రాముడి కథలోకో కృష్ణుడి అల్లరిలోకో వెళ్లి, మొదటి కాలంలో నింపాదిగా సాగి, రెండో కాలానికి, ఆపైన కాళ్లు కనబడనంత వేగానికి చేరుతుంది. వేగం ఎప్పుడు పెంచాలో నిర్ణయించేది పంతులు. జట్టులో ఇద్దరు తడబడుతున్నారని కనబడితే ఆయన అదే చరణాన్ని మరోసారి పాడిస్తాడు. పిల్లలు ఊపిరి తీసుకుంటారు, తాళం కుదురుతుంది, అప్పుడు కోపు మారుస్తాడు.

ఇప్పుడు చాలా బళ్లలో ఈ పని స్పీకర్ చేస్తోంది. రికార్డు చేసిన పాట ఎవరి కోసమూ ఆగదు. జడలో ముడి పడినా, ఒకరి చేతిలో కోల జారినా అది తన వేగంతో తాను వెళ్లిపోతుంది, పిల్లలు దాని వెంట పరుగెత్తుతారు. సినిమా పాట పెట్టారన్నది పెద్ద అభ్యంతరం కాదు. కోలాటం పాటలు సినిమాల్లోకీ వెళ్లాయి, సినిమా బాణీలు కోలాటంలోకీ వచ్చాయి. పాడే మనిషి లేకపోవడమే లోటు. బాగా పాడే ఇద్దరు పిల్లలను, తాళం వేసే ఒకరిని పక్కన కూర్చోబెడితే చాలు, ఆట తీరే మారిపోతుంది. తొందరగా అలిసిపోయే పిల్ల, గుంపులో నిలబడటానికి బెదిరే పిల్ల, చేయి నొప్పి ఉన్న పిల్ల కూడా పాట పక్కన చోటు సంపాదించుకుంటారు.

వేదిక విషయంలోనూ ఇలాంటి చిక్కే. బడి వేదిక మూడు వైపులా మూసి, ఒక వైపే తెరిచి ఉంటుంది. వలయానికి ముందూ వెనకా ఉండవు. వేదిక మీద ఆడించేసరికి సగం మంది వీపులే కనబడతాయని వలయాన్ని అర్ధచంద్రంగా విప్పి, అందర్నీ ముఖ్య అతిథి వైపు తిప్పుతారు. దాంతో జతలు చెదిరిపోతాయి, కోపులు పోతాయి, కర్రలు ఊపడమొక్కటే మిగులుతుంది. కోలాటం వరకైనా కార్యక్రమాన్ని మైదానంలోకి దించి, కుర్చీలు చుట్టూ వేస్తే బాగుంటుంది. జడ అల్లుకోవడం ఏ వైపు నుంచి చూసినా ఒకేలా కనబడుతుంది, నేల మీద కూర్చున్న ఒకటో తరగతి పిల్లలకు కూడా.

నేర్పేవాళ్లు దొరకడం లేదన్న మాట తరచుగా వినబడుతుంది. నిజానికి ఇప్పుడు ఆ కొరత అంతగా లేదు. ఒకప్పుడు చాలా ఊళ్లలో మగవాళ్లే ఆడిన కోలాటాన్ని ఇవాళ ఎక్కువగా ఆడవాళ్లు నడుపుతున్నారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహన సేవల ముందు నడిచే కోలాటం, చెక్కభజన జట్లలో పల్లెటూళ్ల గృహిణులు, వ్యవసాయ కూలీలు కనబడతారు. తితిదే దాససాహిత్య ప్రాజెక్టు ఇలాంటి భజన మండళ్లను ప్రోత్సహిస్తోంది. సాయంత్రాలు రామాలయం ముందు సాధన చేసే ఆ జట్టులోని అత్తో పిన్నో బడికి వచ్చి నెల రోజులు నేర్పితే, డాన్స్ మాస్టారి కోసం పట్నం వైపు చూడాల్సిన పని ఉండదు. ఆమెకు తగిన పారితోషికం ఇవ్వాలి, ఆహ్వాన పత్రంలో ఆమె పేరు గురువుగా అచ్చు కావాలి. ఈ రెండూ చేసే బళ్లు ఇంకా తక్కువే.

బడి వేదిక ఒక కళను ఎంతగా నిలబెట్టగలదో పక్కనున్న కేరళలో తెలుస్తుంది. 1957లో ఎర్నాకుళంలో చిన్నగా మొదలైన అక్కడి రాష్ట్ర పాఠశాల కళోత్సవం ఇప్పుడు ఏటా వేల మంది పిల్లలు తలపడే పండుగ. మన కూచిపూడి అక్కడ పోటీ అంశం. మలబారు ముస్లిం సంప్రదాయంలో కర్రలతో ఆడే కోల్‌కళి కూడా పోటీ అంశమే. తిరువనంతపురంలో 2025 జనవరిలో జరిగిన ఉత్సవంలో మంగలంకళి, పణియనృత్తం, ఇరుళనృత్తం సహా అయిదు గిరిజన కళలను తొలిసారి పోటీలో చేర్చారు. ఆ పోటీల ఖర్చు, మార్కుల మీద తగాదాలు కూడా అందరికీ తెలిసినవే, వాటిని తెచ్చుకోనక్కర్లేదు. కానీ జాబితాలో పేరుంటే ప్రతి జిల్లాలో ఎవరో ఒకరు నేర్పుతారు, ఎవరో ఒకరు నేర్చుకుంటారు. మనకూ 9 నుంచి 12 తరగతుల పిల్లల కోసం 2015లో కేంద్రం మొదలుపెట్టిన కళా ఉత్సవ్ ఉంది. తెలంగాణ బళ్లలో దసరా సెలవుల ముందు బతుకమ్మ ఆట ఏటా జరుగుతోంది. అరకు వైపు బళ్లలో థింసా, శ్రీకాకుళం వైపు తప్పెటగుళ్లు, అనంతపురం వైపు చెక్కభజన కూడా ఇలాగే వార్షికోత్సవంలో శాశ్వత స్థానం సంపాదించుకోవాల్సినవి.

కోలాటానికి పెద్ద ఖర్చేమీ లేదు. పదహారు జతల కోలలు, ఒక రాట, ఒక చక్రం, పదహారు తాళ్లు. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తాయి. అద్దె దుస్తులకు పెట్టే సొమ్ములో కొంత దీనికి మళ్లించినా సరిపోతుంది. సాధనను ఫిబ్రవరిలో హడావుడిగా కాకుండా దసరా సెలవుల తర్వాత, వారానికి రెండు ఆటల పీరియడ్లలో మొదలుపెట్టాలి. పాత కోపులను ఎనిమిదో తరగతి వాళ్లు ఆరో తరగతి వాళ్లకు నేర్పాలి. చుక్కలు, బాణాలతో కోపుల బొమ్మలు గీసిన ఒక నోటుపుస్తకం బడి లైబ్రరీలో ఉండాలి. మాస్టారు బదిలీ అయి వెళ్లిపోయినా మరుసటి ఏడు జడ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎన్నో దాటు దగ్గర వెనక్కి తిరగాలో పిల్లలు అందులో చూసుకుంటారు.