చుట్టపుచూపు: యాత్రారచనలో ఫీనిక్స్ బే

పోర్ట్ బ్లెయిర్ నగరాన్ని గురించి తెలుగులో వెలువడే యాత్రావ్యాసాలకు ఒక ఋతువున్నది. కార్తికం వెళ్ళి మార్గశిరం ప్రవేశించగానే ప్రయాణాలు మొదలవుతవి. సంక్రాంతి నాటికి యాత్రికులు ఇల్లు చేరుతారు. శివరాత్రి లోపల వ్యాసం అచ్చవుతుంది. వీటిని వరుసగా చదివిన పాఠకునికి ఒక వింత తోచక మానదు. వ్రాసినవారు వేరు, వారి వయస్సులు వేరు, శైలులు వేరు. చూచిన నగరం మాత్రం ఒక్కటే, చూచిన క్రమం కూడ ఒక్కటే. మొదట విమానపు కిటికీలోనుంచి నీలిసముద్రం. మధ్యాహ్నం సెల్యులర్ జైలు. సాయంకాలం అక్కడనే ధ్వనికాంతుల ప్రదర్శన. మరునాటి తెల్లవారుజామున ఫీనిక్స్ బే రేవులో పడవ. పడవ కదలగానే నగరం ముగిసిపోతుంది. అటుపైన తెల్లని ఇసుకను గురించి, ఆ ఇసుక మీద కూర్చొని రచయిత తన జీవితాన్ని గురించి చేసిన చింతనను గురించి నాలుగు పుటలు. 2024 సెప్టెంబరులో ఆ నగరానికి శ్రీవిజయపురమని పేరు మారినది. వ్యాసాల క్రమం మారలేదు.

ఇది రచయితల ప్రతిభకు సంబంధించిన లోపం కాదు. వీరిలో కొందరు చక్కని వాక్యం వ్రాయగలవారే. లోపం చూపులో ఉన్నది. ఆ చూపునకు తెలుగులో చుట్టపుచూపు అని చిరకాలంగా పేరున్నది.

అసలు ‘అండమాను శీతకాలం’ అన్న మాటనే ముందుగా విచారించవలసి ఉన్నది. ఆ దీవులలో శీతమేది? పోర్ట్ బ్లెయిర్ పన్నెండవ అక్షాంశానికి కొంచెం దిగువన ఉన్నది. పుష్యమాసపు రాత్రులలో సైతం వేడిమి ఇరవై డిగ్రీలకు దిగువకు పోవడం అరుదు. నైరృతి ఋతుపవనమూ ఈశాన్య ఋతుపవనమూ రెండూ తడిపే నేల అది. సాలుకు సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం. అక్కడివారు ఎరిగిన కాలాలు రెండే: వాన కురిసే కాలం, కురవని కాలం. శీతకాలమన్నది యాత్రికుడు తన పెట్టెలో సర్దుకొని తెచ్చుకొన్న వస్తువు. ఉత్తరదేశపు చలి, పాఠశాలల సెలవులు, ప్రభుత్వోద్యోగులకు లభించే సెలవు ప్రయాణపు రాయితీ, ఈ మూడూ కలిసి నిర్మించిన ఋతువు అది. ఈ సంగతిని గుర్తించిన వ్యాసాలు తక్కువ. గుర్తించకపోతే వచ్చిన చిక్కేమంటే, రచయిత తన ఋతువును నగరానికి అంటగట్టి, నగరమంతా తనవలెనే విశ్రాంతిలో ఉన్నదని భ్రమపడుతాడు. నగరానికి మాత్రం సాలులో మిక్కిలి శ్రమతో కూడిన నెలలు అవే.

డిసెంబరులో సాయంకాలం అయిదింటికే ప్రొద్దు క్రుంకుతుందని ప్రతి వ్యాసమూ ఆశ్చర్యపడుతుంది. దేశానికంతకూ ఒక్కటే గడియారమనీ, ఆ గడియారపు రేఖకు ఈ దీవులు పదిడిగ్రీలు తూర్పుగా ఉన్నవనీ, కనుకనే సూర్యుడు రమారమి నలుబది నిమిషాలు ముందు నడుస్తాడనీ వివరించే ఓపిక ఎవరో ఒకరికే ఉంటుంది. తక్కినవారికి అది ప్రకృతి చేసిన చమత్కారం.

చుట్టపుచూపు ఆ నగరానికి కొత్తదేమీ కాదు. నిజానికి నగరం పుట్టినదే ఒక శీతకాలపు యాత్రికుని చూపులోనుంచి. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ నెలకొల్పిన తొలి వలస 1796లో ఎత్తివేయబడిన తరువాత అరువదేండ్ల పాటు ఆ రేవు అడవిపాలయి ఉన్నది. 1857 తిరుగుబాటు ఖైదీలను ఎక్కడ ఉంచవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఫ్రెడరిక్ జాన్ మవాట్ అనే వైద్యుని ఆధిపత్యాన ఒక సంఘం ఆ సంవత్సరం డిసెంబరులో ఓడమీద ఆ తీరాలు తిరిగినది. కొద్ది వారాల దర్శనంతోనే బ్లెయిర్ ఎన్నుకొన్న పాత రేవే తగినదని తేల్చి, దానికి ఆయన పేరే ఉండవలెనని సూచించినది. 1858 మార్చి 10న మొదటి ఖైదీలు దిగినారు. మవాట్ తన యాత్రను 1863లో గ్రంథంగా ప్రకటించినాడు. అడవి, జలం, రేవులోతు, కొలతలు అన్నీ అందులో ఉన్నవి, వాక్యం ఉత్సాహభరితమైనది, పాఠకుడు పుస్తకం దించడు. కాని ఆ పుస్తకంలోనే ఆ రచనాప్రక్రియకంతకూ మాయని మచ్చ వంటి ఘట్టమొకటి ఉన్నది.

ఇంటర్వ్యూ దీవి ప్రాంతంలో దీవివాసులతో జరిగిన ఘర్షణలో కొందరు మరణించగా, వారిలో ఒకనిని పట్టుకొని ఓడమీద కలకత్తాకు తీసుకొనిపోయినారు. అతని పేరు ఏమో ఎవరికీ తెలియదు. ఓడవారు జాక్ అని పిలిచినారు. ఆసియాలోని మహానగరాలలో ఒకటైన కలకత్తాకు ఆ శీతకాలంలో వచ్చిన యాత్రికుడు అతడు. బట్టలు తొడిగినారు, ఛాయాచిత్రం తీసినారు. వింత చూడడానికి జనం మూగినారు. కొద్దికాలానికే అతడు జబ్బుపడగా, మరల ఓడనెక్కించి, పట్టుకొన్న తీరంలోనే విడిచిపెట్టినారు. కలకత్తా అతనిని గురించి ఏమనుకొన్నదో మవాట్ చెప్పినాడు. అతడు కలకత్తాను గురించి ఏమనుకొన్నాడో చెప్పగలవారు లేరు. అతని భాష తెలిసినవాడు ఆ నగరంలో ఒక్కడైనా లేడు. యాత్రారచనను విమర్శించదలచినవాడు ఈ ఘట్టాన్ని మరువరాదు. ఎందుకనగా ప్రతి యాత్రావ్యాసంలోను చూచేవాడొకడు, చూడబడేవాడొకడు ఉంటారు. కలం ఒకని చేతిలోనే ఉంటుంది.

మవాట్ వెనుక తొమ్మిదవ సంవత్సరాన, 1866 జనవరిలో, మరొక యాత్రికుడు ఆ రేవులో దిగినాడు. ఇతడు ఇష్టపడి వచ్చినవాడు కాడు. థానేసర్ వాడైన మౌలానా మహమ్మద్ జాఫర్, ద్వీపాంతరశిక్ష పడిన ఖైదీ. 1883 నవంబరు వరకు అక్కడనే ఉన్నాడు. కచేరీలో గుమాస్తాపని చేసినాడు. అక్కడ పెళ్ళాడినాడు, పిల్లలను కన్నాడు. తిరిగివచ్చి ఉర్దూలో వ్రాసిన తవారీఖె అజీబ్ కాలాపానీ అన్న పేరుతోనే జనానికి తెలుసు. ఆ పేరు చూచి నరకవర్ణన కోసం పుస్తకం విప్పినవానికి ఆశాభంగం తప్పదు. అందులో ఉన్నది ఊరు. నానాదేశాలనుంచి వచ్చినవారు ఒకరితో ఒకరు ఏ భాషలో మాటాడుకొంటారు, కులమూ మతమూ అక్కడికి వచ్చి ఏ రూపం పొందినవి, జీతమెంత, పెళ్ళి ఎట్లా జరుగుతుంది, ఇవి అందులోని విషయాలు. మవాట్‌కు తీరమే కనిపించినది. థానేసరికి మనుషులు కనిపించినారు. సంవత్సరాల తేడా ఒక్కటే ఇందుకు కారణం కాదు. తిరిగిపోయే ఓడ ఎప్పుడో తెలియనివాడు చుట్టూ ఉన్నవారిని చూడక తప్పదు.

తరువాతి కాలంలో ఉపేంద్రనాథ్ బంద్యోపాధ్యాయ 1921లోను, బారీంద్రకుమార్ ఘోష్ 1922లోను, సావర్కర్ 1927లోను తమ తమ కారాగారస్మృతులను ప్రకటించినారు. వీటి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. చెప్పవలసినది వీటి అనంతర ఫలితాన్ని గురించి. జైలుగోడల లోపల ఉన్నవానికి గోడయే ప్రపంచం. అతడు దానినే వ్రాస్తాడు, అది సత్యం. గోడ బయట స్వేచ్ఛగా తిరిగే నేటి యాత్రికుడు కూడ గోడనే వ్రాస్తే అది సత్యంలో సగం. ఆ సగంలోనైనా తెలుగు రచయిత తనవారిని వెదకుకొన్నాడా అంటే, అదీ అరుదే. అల్లూరి సీతారామరాజు అనుచరులలో ముఖ్యుడైన గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికైనాడు. మన్యం నుంచి అండమాన్‌కు, అండమాన్ నుంచి పార్లమెంటుకు సాగిన ఇట్టి యాత్ర తెలుగుదేశంలో మరొకటి ఉన్నదో లేదో! యాత్రావ్యాసాలలో ఇది ఒక వాక్యానికైనా నోచుకోవడం కష్టమే.

చుట్టపుచూపు ఎంత ప్రమాదకరమో తెలియడానికి 1943 నాటి శీతకాలాన్ని తలచుకొంటే చాలును. దీవులు అప్పుడు జపానువారి ఆక్రమణలో ఉన్నవి. డిసెంబరు 29న నేతాజీ సుభాస్ చంద్ర బోస్ పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, 30న అక్కడ జాతీయపతాకాన్ని ఎగురవేసినారు. అది చరిత్రలో నిలిచిన దినం, నిలువవలసిన దినం. ఆ దినాలలోనే పంజాబీ కవి, వైద్యుడు దివాన్ సింగ్ అదే ఊరిలో, సెల్యులర్ జైలులో జపానువారి చిత్రహింసలకు లోనై ఉన్నాడు. 1944 జనవరి 14న మరణించినాడు. జనవరి 30న హంఫ్రీగంజ్ వద్ద నలుబది నలుగురిని కాల్చివేసినారు. మహానాయకుడైనా అతిథి అతిథియే. ఆతిథ్యమిచ్చినవారు ఏ తలుపు తెరిచితే ఆ గదినే చూడగలడు. సామాన్యయాత్రికుని సంగతి వేరుగా చెప్పవలెనా? దివాన్ సింగ్ తన పేరు చివర కాలేపానీ అని చేర్చుకొన్నాడు. ఊరిని చూచిపోయిన ఏ యాత్రికుడూ ఆ ఊరి పేరును ఆ విధంగా తన మీద వేసుకోలేదు.

తెలుగు యాత్రారచనకు మంచి మేలుబంతి లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం విడిచి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరినాడు. ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయినది. 1941లో దిగవల్లి వేంకట శివరావు పరిష్కరించి మరల ప్రకటించినారు. సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినవాడు కనుక, విన్నమాటను విన్నట్లుగా నమోదు చేయడం ఆయన వృత్తిధర్మం. మజిలీకి మజిలీకి మధ్య దూరమెంత, నీళ్ళు దొరుకునా, అంగళ్ళలో ఏమి దొరుకును, ఏటిని ఎట్లా దాటవలె, ఊరిలో ఏ జాతులవారున్నారు, ఏ భాష మాటాడుతారు, ఇవి లేకుండా ఆయన ఒక ఊరు దాటడు. భక్తుడే అయినా భక్తి కన్నును కప్పలేదు. పుణ్యక్షేత్రాన్ని ఏ శ్రద్ధతో చూచినాడో కలకత్తాను కూడ ఆ శ్రద్ధతోనే చూచినాడు. ఆయన వచనంలో అలంకారం లేదు; ఆ కారణాన నాడు సాహిత్యంగా లెక్కించనివారు ఉండవచ్చు. నేటి శీతకాలపు వ్యాసంలో అలంకారం ఉన్నది. వీరాస్వామయ్య పుస్తకం చేతబట్టుకొని నాటి మజిలీలలో ఈనాడైనా నడవవచ్చును. నేటి వ్యాసం చేతబట్టుకొని ఫీనిక్స్ బే రేవులో టిక్కెట్టు కొనడం కూడ సాధ్యం కాదు.

ఆ రేవునే ఆయన కన్నుతో చూస్తే ఏమి కనిపిస్తుంది? శిక్షావాసకాలంలో ఖైదీలు పనిచేసిన కార్ఖానాలు అక్కడనే ఉండేవి. నేడు ప్రభుత్వపు ఓడల మరమ్మతు కార్ఖానా ఉన్నదీ ఆ ఒడ్డుననే. దీవులనుంచి దీవులకు పోయే పడవలు బయలుదేరేది ఆ జెట్టీ నుంచే. తెల్లవారకముందే వరుసలు కట్టిన జనంలో రెండు తెగలవారుంటారు. ఒకరు స్వరాజ్ ద్వీపానికి విహారం పోయేవారు. రెండవవారు దీవులవారు; వారికి గుర్తింపు కార్డుంటుంది, రుసుములో తగ్గింపు ఉంటుంది. రంగత్ వైపునుంచి, లాంగ్ ఐలండ్‌నుంచి, లిటిల్ అండమాన్‌నుంచి పెద్దాసుపత్రికో, కళాశాలకో, కచేరీలో కాగితం కోసమో వచ్చి, పని ముగించుకొని తిరిగిపోయేవారు. విహారానికి పడవ తప్పితే ఒక దినం తరుగుతుంది. రోగికి పడవ తప్పితే సంగతి వేరు. శీతకాలపు రద్దీ అన్న మాటకు ఆ వరుసలో రెండర్థాలున్నవి. యాత్రావ్యాసంలో కనబడేది మొదటిదే. రచయిత వరుస నిడివిని గురించి విసుగుకొంటాడు, తన ముందు నిలుచున్నవాడు ఎందుకు నిలుచున్నాడని అడుగడు.

అడిగితే జవాబు తెలుగులోనే రావచ్చును. ఇది అతిశయోక్తి కాదు. 2011 జనగణన ప్రకారం ఆ దీవులలో తెలుగు మాతృభాషగా కలవారు నూటికి సుమారు పదముగ్గురు. వీరిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి వలసపోయినవారు, వారి సంతతివారు: వలవేసేవారు, పడవమీద కళాసీలు, కట్టుబడి పనివారు, అంగళ్ళవారు. ఊరి ఉమ్మడి వ్యవహారం హిందుస్తానీలో సాగుతుంది. అందుచేత తెలుగు యాత్రికుడు తన హిందీని కూడదీసుకొని పడవవానితో బేరమాడుతాడు, పడవవాడు తన హిందీలో బదులిస్తాడు. ఇద్దరి ఊళ్ళకు నడుమ నాగావళి ఒక్కటే అడ్డమని ఇద్దరికీ తెలియకపోవచ్చును. విశాఖనుంచి ఓడ మూడుదినాల ప్రయాణం, దూరం సుమారు 1200 కిలోమీటర్లు. తండ్రి పోయిన వార్త వచ్చి ఓడ దొరకనివాని బాధ, దీవిలో పుట్టిన పిల్ల సిక్కోలు యాసలో మాటాడుతూ సిక్కోలును ఎన్నడూ చూడకపోవడం, ఇవి యాత్రారచనకు తగని విషయాలా?

2004 డిసెంబరు 26 కూడ శీతకాలంలోని దినమే. ఆదివారం, క్రిస్మస్ మరునాడు, యాత్రికులు నిండుగా ఉన్న సమయం. భూకంపానికి పోర్ట్ బ్లెయిర్‌లో రేవుకట్టడాలు దెబ్బతిన్నవి. నేల రమారమి ఒక మీటరు క్రుంగగా సిప్పీఘాట్ ప్రాంతపు పొలాల్లోకి సముద్రం వచ్చి నిలిచినది. నికోబారునుంచి నిరాశ్రయులు ఓడలలోను విమానాలలోను ఈ నగరానికే వచ్చినారు. యాత్రికులు ఇండ్లకు తిరిగిపోయి తాము బ్రతికి బయటపడిన కథలు వ్రాసినారు. వ్రాయవలసినదే, ప్రాణభయం అబద్ధం కాదు. అయితే ఉప్పునీరు నిలిచిన పొలాన్ని గురించి వ్రాయడానికి మరుసటి శీతకాలంలో మరల పోయినవారెందరు? ఒకే నగరాన్ని రెండుసార్లు చూచిన యాత్రావ్యాసం తెలుగులో అరుదు. మొదటి వ్యాసంలో వ్రాసినదానిని రెండవ వ్యాసంలో దిద్దుకొన్నది మరీ అరుదు.

పడవలు తిరిగివచ్చే వేళకు ఫీనిక్స్ బేలో చీకటి పడుతూ ఉంటుంది. విహారయాత్రికులు ముందుగా దిగి బండ్లు పిలుచుకొంటారు. వారి వెనుక మూటలతో, కూరల గంపలతో, ఆసుపత్రి కాగితాలతో దీవులవారు దిగుతారు. వారిలో కొందరు ఆ రాత్రికి ఊళ్ళో చుట్టాల ఇండ్లకు నడిచిపోతారు.