తాళం మనది, బిగించేదెవరు?

ఒక ఆసుపత్రి తన రోగుల వివరాలన్నింటినీ అద్దె కంప్యూటర్లలో ఉంచిందనుకుందాం. ఆ కంప్యూటర్లు ఎక్కడో ఒక పెద్ద కంపెనీ భవనంలో ఉంటాయి. ఆసుపత్రికి దక్కేది పూర్తి యంత్రం కాదు. ఒకే యంత్రాన్ని సాఫ్ట్‌వేర్ సాయంతో పలు వాటాలుగా చేసి ఇస్తారు. ఒక్కో వాటాను వర్చువల్ మెషిన్ అంటారు. వాటాలు వేసే ప్రోగ్రాము పేరు హైపర్‌వైజర్. మామూలు ఏర్పాటులో హైపర్‌వైజర్ తలచుకుంటే ఏ వాటా మెమరీనైనా చదవగలదు. అద్దె ఇంటి యజమాని దగ్గర ప్రతి పోర్షనుకూ మారు తాళంచెవి ఉన్నట్టన్నమాట.

ఈ భయం పోగొట్టడానికి వచ్చినవే 'కాన్ఫిడెన్షియల్' వర్చువల్ మెషిన్లు. ఏఎండీ సంస్థ ఎస్ఈవీ అనే పద్ధతిని 2016లో ప్రకటించి, మరుసటి ఏడాది ఎపిక్ ప్రాసెసర్లతో అందించింది. దాన్ని మెరుగుపరచిన ఎస్ఈవీ-ఎస్ఎన్‌పీ 2021లో వచ్చింది. ఇంటెల్ పద్ధతి పేరు టీడీఎక్స్. రెండింటి సారాంశం ఒకటే: వాటాలోని మెమరీని ప్రాసెసరే రహస్య లిపిలోకి మార్చేస్తుంది. ఆ లిపిని విప్పే తాళంచెవి ప్రాసెసర్ దాటి బయటికి రాదు.

వ్యాపార ప్రకటనలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

మొట్టమొదటి ప్రోగ్రాము ఎవరిది?

ఏ కంప్యూటరైనా మేలుకోగానే ఒక నిర్ణీత చోటు నుంచి మొదటి ఆజ్ఞను తీసుకుంటుంది. 1978 నాటి 8086 ప్రాసెసర్‌లో ఆ చోటు 1 మెగాబైటు హద్దుకు 16 బైట్లు దిగువన ఉండేది. 1985 నాటి 80386 నుంచి అది 4 గిగాబైట్ల హద్దుకు 16 బైట్లు దిగువకు మారింది. అక్కడ సిద్ధంగా కూర్చుని ఉండేదే ఫర్మ్‌వేర్. పాత యంత్రాల్లో దాన్ని బయాస్ అనేవారు, ఇప్పుడు యూఈఎఫ్ఐ అంటున్నారు. డిస్కును వెతికిపట్టి ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపేది ఇదే. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ఎన్నో కంప్యూటర్ల బయాస్‌ను చెరిపేసినప్పుడు ఆ యంత్రాలు అసలు మేలుకోనే లేదు. ఫర్మ్‌వేర్ పాడైతే తక్కినదంతా బాగున్నా లాభం లేదని ఆ రోజు అందరికీ తెలిసింది.

వర్చువల్ మెషిన్‌కూ ఫర్మ్‌వేర్ కావాలి. ఇందుకు విస్తారంగా వాడేది ఓవీఎంఎఫ్ అనే బహిరంగ ప్రోగ్రాము. కాని అది ఎక్కడి నుంచి వస్తుంది? యజమాని డిస్కులోని ఒక ఫైలు నుంచి! అంటే గదికి తాళం మనది, దాన్ని తలుపుకు బిగించే మనిషి మాత్రం యజమాని పంపినవాడు. బిగించేటప్పుడు వాడు ఏం చేశాడో మనకెలా తెలుస్తుంది?

కొలత సరే, పోల్చేది దేనితో?

ప్రాసెసర్ తయారీదారులు దీనికి జవాబు ఆలోచించకపోలేదు. వాటా మొదలయ్యే ముందు అందులోకి ఎక్కించిన ప్రతి మెమరీ పుటనూ ప్రాసెసర్ లెక్కగట్టి, చివరికి 48 బైట్ల ముద్ర ఒకటి తయారుచేస్తుంది. ఫర్మ్‌వేర్‌లో ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. ఆ ముద్ర ఉన్న పత్రంపై ప్రాసెసర్ సంతకం చేస్తుంది. అద్దెదారు ఆ పత్రం చూసి, ముద్ర తాననుకున్నదే అయితేనే డిస్కు తాళంచెవిని లోపలికి పంపాలి.

ఏర్పాటు చక్కగానే ఉంది. చిక్కల్లా 'తాననుకున్నది' అన్న మాటలోనే ఉంది. ఫర్మ్‌వేర్ యజమానిదైనప్పుడు సరైన ముద్ర ఏదో అద్దెదారుకు ముందుగా తెలిసే దారేదీ? యజమాని ఒక రాత్రి ఫర్మ్‌వేర్‌ను నవీకరిస్తే తెల్లవారేసరికి ముద్ర మారిపోతుంది. పైగా ఎస్ఎన్‌పీలో ప్రాసెసర్ల ప్రారంభ స్థితిని కూడా కొలుస్తారు. కనుక 2 ప్రాసెసర్ల వాటాకు ఒక ముద్ర, 4 ప్రాసెసర్ల వాటాకు ఇంకొక ముద్ర. ఈ తిప్పలు పడలేక 'ఏ ముద్రైనా సరే' అని వదిలేస్తే కాపలా పేరుకే మిగులుతుంది.

పెద్ద కంపెనీలు రెండు తోవలు తొక్కాయి. గూగుల్ తన ఫర్మ్‌వేర్ ముద్రలపై సంతకం చేసి ప్రకటిస్తుంది. అది గూగుల్ చేసిందేనని ఆ సంతకం చెబుతుంది, లోపల ఏముందో చెప్పదు. అమెజాన్ తన ఎస్ఎన్‌పీ యంత్రాల ఫర్మ్‌వేర్ మూల ప్రోగ్రామును బహిరంగంగా ఉంచింది. ఎవరైనా దాన్ని మళ్లీ నిర్మించి, అదే ముద్ర వస్తుందో లేదో చూసుకోవచ్చు. ఇది మొదటిదానికన్నా మేలు. అయినా రెండింటిలోనూ ఎంపిక యజమానిదే.

అద్దెదారే తెచ్చుకుంటే?

మూడో తోవ: అద్దెదారే తన ఫర్మ్‌వేర్‌ను వెంట తెచ్చుకోవడం. మైక్రోసాఫ్ట్ రూపొందించిన ఐజీవీఎం అనే ఫైలు పద్ధతి ఇందుకు పనికొస్తుంది. ఏ పుట ఎక్కడ ఎక్కించాలో, దేన్ని కొలవాలో ఆ ఫైలే చెబుతుంది. బహిరంగ హైపర్‌వైజర్ సాఫ్ట్‌వేర్ క్యూఎము 2025లో దీన్ని చేర్చుకుంది. దీంతో ముద్రను అద్దెదారు తన ఇంట్లోనే ముందుగా లెక్కగట్టుకోవచ్చు.

ఫైలును యజమాని చేతికివ్వకుండా పని జరిగే మరో ప్రతిపాదన కూడా క్యూఎము రూపకర్తల ముందుకు వచ్చింది. వాటా మొదట యజమాని ఫర్మ్‌వేర్‌తోనే మేలుకుంటుంది. తర్వాత తన డిస్కులోని సొంత ఫర్మ్‌వేర్‌ను హైపర్‌వైజర్‌కు అందించి, 'దీనితో నన్ను మళ్లీ మొదలుపెట్టు' అంటుంది. రహస్య లిపిలో ఉన్న వాటాను మామూలుగా రీసెట్ చేయడం కుదరదు కనుక, హైపర్‌వైజర్ పాతదాన్ని రద్దుచేసి కొత్తదాన్ని సృష్టిస్తుంది. కొత్త ముద్రలో అద్దెదారు ఫర్మ్‌వేర్ మాత్రమే ఉంటుంది.

మొదటి విడతలో యజమాని ఫర్మ్‌వేర్ మోసం చేయదా అని పాఠకులకు అనుమానం రావచ్చు. చేయవచ్చు. కాని ఫైలును మార్చితే రెండో విడత ముద్ర మారుతుంది, రహస్యం చేతికి రాదు. అందుచేత మొదటి విడతలో ఏ రహస్యమూ లోపలికి పంపకూడదు. ఈ ఒక్క నియమం మీదే పథకమంతా నిలబడి ఉంది.

ఒకే ద్వారం, రెండు అర్థాలు

ఇదే పద్ధతిని మామూలు వర్చువల్ మెషిన్లకూ వర్తింపజేయాలన్నది రూపకర్తల ఆలోచన. ఇంజనీరింగ్ దృష్టితో ఇది మంచిదే. అందరూ నడిచే దారిలో గుంటలు త్వరగా బయటపడతాయి. కొద్దిమందే వాడే పెరటి దారిలో లోపాలు ఏళ్లతరబడి దాగి ఉంటాయి.

కాని ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మామూలు వాటాలో ప్రాసెసర్ సంతకం చేసిన ముద్ర ఉండదు. అద్దెదారు ఇచ్చిన ఫర్మ్‌వేర్‌నే ఎక్కించారా, వేరేది ఎక్కించారా అని తేల్చే సాక్షి లేడు. కనుక మామూలు వాటాకు ఈ పద్ధతి ఇచ్చేది సౌకర్యం మాత్రమే. కావలసిన వెర్షను ఎంచుకోవచ్చు, అంతే. రక్షణ రాదు. 'సొంత ఫర్మ్‌వేర్' అనే ఒకే పేరుతో రెండింటినీ అమ్మితే, సౌకర్యం కొన్నవాడు రక్షణ కొన్నానని భ్రమపడతాడు. రూపకల్పనలో ఈ తేడా అద్దెదారు కంటికి కనిపించాలి.

ఇంకో బరువూ ఉంది. సొంత ఫర్మ్‌వేర్ అంటే సొంత బాధ్యత. ఓవీఎంఎఫ్‌లో లోపం బయటపడితే కొత్తది కట్టుకోవాలి, పాత ముద్రను జాబితాలోంచి కొట్టేయాలి. కొట్టేయకపోతే లోపమున్న పాత ఫర్మ్‌వేర్‌నే యజమాని ఎక్కించినా ముద్ర సరిపోతుంది! పెద్ద బ్యాంకుకు ఈ పని చేసే ఇంజనీర్లుంటారు. మన ఆసుపత్రికి ఉంటారా?

ముద్ర కూడా దైవవాక్కు కాదు. 2024 డిసెంబరులో బయటపడిన బ్యాడ్‌రామ్ దాడిలో, మెమరీ పలకలోని చిన్న చిప్ చేత పరిమాణం గురించి అబద్ధమాడించి, ఎస్ఎన్‌పీ ధ్రువపత్రాన్నే నకిలీ చేయగలిగారు. ఇందుకు అయిన పరికరాల ఖర్చు సుమారు 10 డాలర్లు. ఏఎండీ ఆ లోపాన్ని సరిదిద్దింది. అయినా యంత్రాన్ని చేత్తో తాకగలిగినవాడు ఎప్పుడూ యజమానే అన్న నిజం మారదు.

1984లో అచ్చయిన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో కెన్ థాంప్సన్, మనం రాయని ప్రోగ్రామును ఎంతవరకు నమ్మవచ్చునన్న ప్రశ్న లేవనెత్తాడు. నమ్మకాన్ని పూర్తిగా తీసేసే యంత్రం ఈనాటికీ లేదు. నమ్మవలసినవారి సంఖ్యను తగ్గించడమే సాధ్యం. అద్దెదారు ఫర్మ్‌వేర్ పద్ధతి ఆ జాబితాలోంచి హైపర్‌వైజర్ యజమానిని చాలావరకు తప్పిస్తుంది. కాబట్టి దాన్ని ఆహ్వానించాలి. అయితే అద్దెకు తీసుకునే ప్రతి సంస్థా ముందుగా అడగవలసిన ప్రశ్నలు మూడున్నాయి. నా ముద్రను నేను స్వయంగా లెక్కగట్టగలనా? దాన్ని రోజూ సరిచూసేదెవరు? పాతదాన్ని రద్దుచేసేదెవరు? వీటికి జవాబు లేనప్పుడు 'కాన్ఫిడెన్షియల్' అన్న మాట బిల్లు మీద పెరిగిన రుసుముకు పేరే తప్ప, రోగుల వివరాలకు తాళం కాదు.