బన్యన్ పట్టణం, గజాలీ కోట

జాన్ బన్యన్ 1682లో వెలువరించిన ‘హోలీ వార్’ పేరు చూసి అది మతయుద్ధ గ్రంథమని మనలో కొందరు పక్కన పెడతారు. అది పొరపాటు. అందులో ముట్టడికి గురయ్యేది మానవాత్మ అనే పట్టణం. చెవి, కన్ను, నోరు, ముక్కు, స్పర్శ దాని ఐదు ద్వారాలు. లోపలివారు సమ్మతించనిదే శత్రువు వాటిని తెరువలేడు. ‘ఇహ్యా’లో ఇమామ్ గజాలీ (రహ్మలై) కూడా హృదయాన్ని కోటతోనే పోల్చారు, అయితే ఆయన చూపిన ద్వారాలు కోపం, అసూయ, పేరాశ వంటి గుణాలు. ఈ రోగనిదానమే లోతైనదని నాకనిపిస్తుంది. కన్ను మూసుకున్నవానికీ అసూయ తప్పదు గదా!

పట్టణాన్ని విడిపించేది రాజు కుమారుడన్నచోట మన తౌహీద్ విశ్వాసం బన్యన్‌తో వేరుపడుతుంది. కానీ విజయానంతరం కూడా శత్రువు మనుషులు కొందరు గోడల్లో దాగే ఉంటారు. పౌరులు ఏమరకుండా ఉండడానికే వారిని మిగిల్చానంటాడు ఆ కుమారుడు. ఈ ఘట్టం కోసమైనా గ్రంథాన్ని చివరిదాకా చదవాలి.