డిండి గట్టు, పిల్లలమర్రి రాయి

దసరా సెలవులు ముగిసే ఆదివారం సాయంత్రం హైదరాబాదు లింగంపల్లిలో మా వీధి మొదట్లో నిలబడితే, ఏ కారు ఎటునుంచి వచ్చిందో వెనక అద్దంలోంచి కనిపించే సామాను చూసి చెప్పేయవచ్చు. కొండపల్లి బొమ్మల అట్టపెట్టె, పూతరేకుల డబ్బా ఉంటే విజయవాడ రోడ్డు. చక్రాలకు ఎర్రమట్టి, సీటు మీద శ్రీశైలం లడ్డూల సంచి ఉంటే నల్లమల రోడ్డు. దిగేవాళ్ళ ముఖాలు మాత్రం ఏ దారి వాళ్ళవైనా ఒకలాగే ఉంటాయి. నాలుగు రోజులు ఆనందంగా గడిపిన మనుషులు చివరి ఐదు గంటల్లో ఆ ఆనందమంతా రోడ్డు మీద పారబోసుకుని వచ్చినట్టుంటారు.

ఎక్కడ ఆగారని అడిగితే టోల్‌గేటు పేరో, పెద్ద హోటలు పేరో చెబుతారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే వచ్చాను. తర్వాత తిరుగు దారిలో ఎక్కడ ఆగాలన్నది వెళ్ళే దారి కన్నా ఎక్కువ ఆలోచించి తేల్చుకోవలసిన సంగతని అర్థమైంది. వెళ్ళేటప్పుడు ఎక్కడ ఆగినా చెల్లుతుంది. ఒక చోటు బాగాలేకపోయినా ముందు ఇంకా చాలా ఉందన్న ధైర్యం ఉంటుంది. వచ్చేటప్పుడు ఆ ధైర్యం ఉండదు. పెద్దవాళ్ళకు మోకాళ్ళు పట్టేసి ఉంటాయి, పిల్లలకు రేపటి బడి గుర్తొస్తుంటుంది, బండి నడిపేవాళ్ళు సోమవారం పొద్దున మీటింగులో సగం కూర్చునే ఉంటారు. ఆ స్థితిలో చూడగలిగేది ఒక్క చోటు, మహా అయితే గంటసేపు. ఆ ఒక్కటి ఏదన్నదే ప్రశ్న.

తెలుగులో దీనికి మంచి మాట ఉంది, మజిలీ. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. ఆ పదిహేను నెలల కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అని ఊరూరా రాసుకుంటూ పోయాడాయన. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మరొకటి. ఆయన శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్ళి, కలకత్తా నుంచి విశాఖ, రాజమహేంద్రవరం తీరం పట్టుకుని వెనక్కి వచ్చాడు. తిరుగు దారిని వెళ్ళిన దారికి నకలుగా చూడలేదు. నీళ్ళు, నీడ, దిగే చోటు అనే ఆయన కొలతలతోనే లింగంపల్లికి తిరిగొచ్చే రెండు దారులను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తాను.

మొదట శ్రీశైలం దారి. ఇది అందమంతా ముందే ఇచ్చేసే దారి. కొండ దిగుతుంటేనే పన్నెండు గేట్ల ఆనకట్ట, కింద కృష్ణ, ఎదురుగా మళ్ళీ కొండ. నది దాటి తెలంగాణ వైపు ఎక్కగానే ఈగలపెంట, తర్వాత దోమలపెంట. ఆ పేర్లు విని పిల్లలు నవ్వుతారు. పెంట అంటే నల్లమలలో చెంచుల నివాసమని ఒకసారి చెబితే ఆ నవ్వు ఆగి, అడవిలో మనుషులెలా ఉంటారన్న ప్రశ్న మొదలవుతుంది. అక్కడి నుంచి వటువర్లపల్లి, ఫరహాబాదు మీదుగా మన్ననూరు దాకా అమ్రాబాద్ పులుల అభయారణ్యం. వానలు పడ్డాక ఆ మలుపుల్లో అద్దాలు దించి నడిపితే చాలు, ఏసీ అక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చిలో ఆకులన్నీ రాలి మోదుగ ఒక్కటే పూసి ఉంటుంది. నాకు ఆ ఎండిన అడవే ఎక్కువ ఇష్టం. చెట్ల వెనక నేల ఎంత వంపులు తిరిగి ఉందో అప్పుడే తెలుస్తుంది.

ఇన్ని ఉన్నాయి కదా, ఆగడానికి ఏం లోటు అనిపిస్తుంది. లోటు చూపులో లేదు, వేళలో ఉంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి దారిలో వాహనాలను పోనివ్వరు. జంతువుల కోసం పెట్టిన నియమం అది, న్యాయమైనది. ఇంకా కఠినంగా ఉన్నా నేను ఒప్పుకుంటాను. కానీ మధ్యాహ్నం దర్శనం ముగించుకుని భోంచేసి నాలుగింటికి బయల్దేరిన కుటుంబానికి ఆ చెక్‌పోస్టు గేటు మనసులో గడియారంలా కొట్టుకుంటూనే ఉంటుంది. కృష్ణ కొండల మధ్య పాయలు పాయలుగా చీలి కనిపించే ఆక్టోపస్ వ్యూ పాయింట్ దగ్గర ఆగినా, చూసేది నదిని కాదు, చేతి గడియారాన్ని. మల్లెలతీర్థం మరీ కష్టం. వటువర్లపల్లి దగ్గర రోడ్డు వదిలి లోపలికి పోవాలి, జలపాతం చూడాలంటే వందల మెట్లు దిగాలి. దిగినంత తేలిక కాదు ఎక్కడం. వెళ్ళేటప్పుడైతే సరదాగా ఉంటుంది. వచ్చేటప్పుడు మా అమ్మ పైనే కూర్చుని, మేం కిందికి పోయి, ఆమె ఒక్కతే ఉందన్న ఆదుర్దాతో పరుగున ఎక్కి వచ్చాం. అందరూ కలిసి చూడలేని చోటు తిరుగు దారికి పనికిరాదని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

ఫరహాబాదు లోపలికి అటవీశాఖ బండిలోనే పోవాలి. అదీ ఉదయపు పని, ఇంటికి పోయే వేళలో చేసేది కాదు.

దోమలపెంట గురించి మరొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 2025 ఫిబ్రవరి 22న అక్కడి శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఎవ్వరూ బతికి బయటికి రాలేదు. ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చినవాళ్ళు. ఇంటికి తిరిగి పోయే దారి వాళ్ళకూ ఉండేది. అందమైన చోట్ల జాబితాలో ఆ ఊరి పేరు చదివినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది. అక్కడ కారు ఆపి కొండ ముందు ఫొటోలు దిగాలని అనిపించదు.

అయితే ఈ దారిలో ఆగే చోటే లేదా? ఉంది, అడవి అయిపోయాక. మన్ననూరు చెక్‌పోస్టు దాటి, హాజీపూర్ దాటి, అందరూ ఇక చూడటానికేం లేదని కళ్ళు మూసుకునే చోట డిండి వస్తుంది. నిజాం కాలంలో, 1940లలో కట్టిన జలాశయం. గట్టు మీదికి పోవడానికి టికెట్టు లేదు, మెట్ల బాధ లేదు. కారు దిగిన పదడుగుల్లో పెద్దవాళ్ళు కూర్చోవచ్చు. అక్కడ గడియారం కొట్టుకోదు, ఎందుకంటే గేటు వెనక్కి వెళ్ళిపోయింది. నాలుగున్నర, ఐదు గంటల వెలుతురు నీళ్ళ మీద పరుచుకుని ఉంటుంది. కొంగలు, గట్టు కింద వరి, దూరంగా గొర్రెల మంద. శ్రీశైలంలో చూసిన కృష్ణతో పోలిస్తే ఇది చిన్న నీరు. ఆ చిన్నతనమే మంచిది. రెండు రోజులు పెద్దవి చూసి అలసిన కంటికి అంతకు మించి పట్టదు. మంచి వానలు పడ్డ ఏడాది అలుగు పారుతుంది. అప్పుడు దూరం నుంచి చూడాలే తప్ప పిల్లల్ని నీళ్ళలోకి దించకూడదు. వానలు లేని ఏడాది మే నెలలో పోతే బురద, నెర్రెలు తప్ప ఏం మిగలదు. డిండికున్న పెద్ద దోషం ఇదే, దాని అందం ఆకాశం చేతిలో ఉంది.

ఇక విజయవాడ దారి. ఇది 65వ నంబరు జాతీయ రహదారి. మచిలీపట్నం నుంచి పుణె దాకా పోయే ఈ రోడ్డు మా లింగంపల్లికి ఆనుకుని బీహెచ్‌ఈఎల్ చౌరస్తా మీదుగానే వెళుతుంది. మా ఇంటి పక్క రోడ్డు సముద్రం దాకా ఉందని తెలిసిన రోజు నాకు చిన్నపిల్లాడిలా సంతోషమైంది. కానీ రోడ్డుగా చూస్తే శ్రీశైలం దారికి పూర్తిగా వ్యతిరేకం. నాలుగు వరుసలు, మధ్యలో గన్నేరు చెట్లు, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు. రోడ్డు మీద నుంచి కనిపించే అందం తక్కువ. ఉన్నదంతా రోడ్డు దిగితేనే.

అందుకే ఈ దారిలో అందరూ సూర్యాపేట చుట్టుపక్కల హోటళ్ళ దగ్గర ఆగుతారు. దాన్ని నేను తప్పు పట్టను. ఆకలేస్తుంది, పిల్లలకు బాత్రూములు కావాలి, సూర్యాపేట సరిగ్గా సగం దారి. నా ఫిర్యాదు ఒక్కటే. ఆ దోసె కోసం క్యూలో నిలబడ్డ అరగంటలో, హైవే దిగి పది నిమిషాలు పోతే పిల్లలమర్రి చూడవచ్చు.

పిల్లలమర్రిలో కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్ళున్నాయి. నామేశ్వరాలయం నామిరెడ్డి పేరు మీద, ఎరకేశ్వరాలయం ఎరకసాని పేరు మీద. ఎరకసాని బేతిరెడ్డి భార్య. 1208లో ఒక ఇల్లాలు తన పేరుతో గుడి కట్టించి, దాన్ని శాసనంలో చెక్కించింది. మా అమ్మాయికి ఆ సంగతి చెప్పినప్పుడు అది స్తంభాలను మళ్ళీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టింది. నల్లరాతి స్తంభాలకు ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా చేతి నీడ పడేంత నునుపు. నామేశ్వరంలో దూలం మీద క్షీరసాగర మథనం చిత్రం ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. కాకతీయుల కాలపు శిల్పం మనకు ఎన్నోచోట్ల ఉంది గానీ రంగులు మిగిలిన చోట్లు బహు అరుదు. ఎండాకాలం మధ్యాహ్నం లోపలికి అడుగుపెడితే రాతి చల్లదనం అరికాళ్ళకు తగులుతుంది. వీరాస్వామయ్య వెతికిన నీడ అంటే ఇదే. పక్కన చెరువుంది, కాబట్టి నీళ్ళూ ఉన్నట్టే.

దీని దోషాలు దీనికున్నాయి. ఊరి లోపలికి పోయే దారి ఇరుకు, పండగ రోజుల్లో గుడి జనంతో నిండిపోతుంది. కొత్తగా వేసిన సున్నాలు, గ్రిల్లులు పాత రాయి పక్కన కళ్ళకు గుచ్చుకుంటాయి. ఆ రంగుల చిత్రాన్ని చూసినప్పుడల్లా వచ్చేసారికి ఉంటుందా అన్న భయం వేస్తుంది. దాన్ని కాపాడటానికి చేయాల్సినంత జరగడం లేదని నా అభిప్రాయం.

పిల్లలమర్రి నుంచి మళ్ళీ హైవే ఎక్కాక టేకుమట్ల దగ్గర వంతెన మీద మూసీ దాటుతాం. వంతెన మీద ఆగకూడదు, ఆగక్కర్లేదు కూడా. కానీ అద్దం దించమని నేను ఇంట్లోవాళ్ళకు చెబుతాను. హైదరాబాదు వాడుకుని వదిలిన నీళ్ళన్నీ కలుపుకుని మన నది మనకన్నా ముందే ఇక్కడికి వచ్చి ఉంది. ఈ నీళ్ళతోనే ఇక్కడి పొలాలు పండుతున్నాయి. వాన తక్కువైన రోజుల్లో నీళ్ళు నల్లగా ఉంటాయి. శ్రీశైలం దారిలో ఏ కొండ మలుపూ నన్ను ఇంతగా నిలదీయలేదు. సెలవు నుంచి తిరిగొస్తున్న నగరవాసికి తన ఊరు మొదట కనిపించేది చౌటుప్పల్ దగ్గర కాదు, ఇక్కడే.

రెండు మజిలీలనూ ఇప్పుడు పక్కపక్కన పెడితే, కంటికి డిండి తేలిక. ఏమీ తెలియకుండా పోయినా అది తన పని తాను చేస్తుంది. పిల్లలమర్రికి ఎవరో ఒకరు కథ చెప్పాలి. చెప్పేవాళ్ళు లేకపోతే పిల్లలకు అది మరో గుడి. డిండికి వేళ ముఖ్యం, మధ్యాహ్నం రెండింటికి పోతే ఎండ తప్ప ఏమీ లేదు. పిల్లలమర్రికి ఏ వేళైనా సరే, గుడి తలుపులు తెరిచి ఉంటే చాలు. వానలు పడని ఏడాది డిండి మోసం చేస్తుంది, రాయి చేయదు. నడవలేని పెద్దవాళ్ళకు రెండూ అనుకూలమే. అందుకే మల్లెలతీర్థాన్ని, ఎత్తయిన కొండకోటలను ఈ పోలికలోకి తేలేదు.

ఒకటే ఎంచుకోమంటే పిల్లలమర్రినే ఎంచుకుంటాను. శ్రీశైలం దారి అందం మనం అడగకుండా దొరికేది. ఆ దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చినా ఎంతో కొంత చూసే వస్తాం. విజయవాడ దారిలో ఆగకపోతే ఏమీ చూడం. ఐదు గంటల ప్రయాణం ఐదు గంటల సిమెంటుగానే గుర్తుంటుంది. ఒక గంట ఎక్కడ పెడితే ప్రయాణం రంగు మారుతుందో అక్కడే పెట్టాలి. డిండి గట్టు మీద కూర్చున్న సాయంత్రాలు నాకు ఎంతో ఇష్టమైనవి. అయినా అక్కడ ఆగకపోయినా నల్లమల నాతో ఇంటిదాకా వస్తుంది. పిల్లలమర్రిలో ఆగకపోతే ఎరకసాని రాదు.

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే, శ్రీశైలం నుంచి వచ్చే బళ్ళు తుక్కుగూడ దగ్గర మనతో కలుస్తాయి. అక్కడి నుంచి రెండు దారులూ ఒక్కటే. శంషాబాద్ దాటాక ఒక పక్క హిమాయత్‌సాగర్ కనిపిస్తుంది. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి తలపెట్టి 1927 నాటికి పూర్తిచేసిన చెరువు. ఔటర్ మీద ఆగడం నిషేధం, ప్రమాదం కూడా. కాబట్టి వేగం కాస్త తగ్గించి, పక్కసీట్లోవాళ్ళు మాత్రం చూడాలి. కొల్లూరులో దిగి, తెల్లాపూర్ మీదుగా లింగంపల్లి.

ఈ దసరాకు మేం విజయవాడకు హైవే మీదుగానే వెళ్ళి, మధ్యలో పిల్లలమర్రిలో ఆగుదామనుకుంటున్నాం. వచ్చేటప్పుడు వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం చేరి, ఒక రాత్రి అక్కడే ఉండి, మర్నాడు సాయంత్రం ఐదింటికల్లా డిండి చేరేలా కొండ దిగాలి. డిండిలో ఈ ఏడు నీళ్ళు బాగా ఉన్నాయని అచ్చంపేటలో ఉండే మా చిన్నాన్న ఫోన్లో చెప్పాడు. చాప, ఫ్లాస్కు ఇప్పుడే డిక్కీలో పెట్టేశాను.