ఫ్యాన్ రొద

దోహాలో ఇండస్ట్రియల్ ఏరియాని మనవాళ్లెవరూ ఆ పేరుతో పిలవరు. సనయ్యా అంటారు. అక్కడ వీధులకి నంబర్లే గుర్తు. ఎటు చూసినా గ్యారేజీలు, విడిభాగాల దుకాణాలు, టైర్ల గుట్టలు, వాటి మధ్యలో లేబర్ క్యాంపులు. అలాంటి ఒక వీధి చివర రేకుల షెడ్డులో, జగిత్యాల వైపు నుంచి వచ్చిన మెకానిక్ ఒకాయన పనిచేస్తాడు. ఆయన నన్ను అన్నా అంటాడు, నేనూ ఆయన్ని అన్నా అనే అంటాను. ఇద్దరిలో ఎవరు పెద్దో ఇంతవరకూ తేల్చుకోలేదు.

నా బండి 2003 ల్యాండ్ క్రూజర్. నాలుగున్నర లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఆరు సిలిండర్లు. మన ఊళ్లలో ఒకప్పుడు అంబాసిడర్‌కి ఉన్నంత పరువు గల్ఫ్‌లో దీనికుంది. ఆ పరువు జూన్ రాగానే పోయింది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు పైకి పాకడం మొదలుపెట్టేది. మొదట చూపించిన గ్యారేజీలో రేడియేటర్ మూత మార్చారు, థర్మోస్టాట్ మార్చారు, తగ్గలేదు. హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్ విప్పాల్సిందే అన్నారు. ఆ మాట విన్నాక రెండు రోజులు అన్నం సహించలేదు.

సనయ్యా అన్న బానెట్ ఎత్తలేదు. కుర్చీ లాగి కూచోబెట్టి అడగడం మొదలుపెట్టాడు.

"ఎక్కడ గరం అయితది అన్నా? సిగ్నల్ కాడనా, హైవే మీదనా?"

సిగ్నల్ దగ్గరే. సల్వా రోడ్డు మీద 100లో పోతుంటే ముల్లు మధ్యలోనే ఉంటుంది.

"ఏసీ బంద్ జేస్తె?"

తగ్గుతుంది.

"పొద్దుగాల స్టార్ట్ జేసినప్పుడు ఫ్యాన్ మొత్తుకుంటదా?"

ఈ మూడో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తే గుర్తొచ్చింది. బండి కొన్న కొత్తలో పొద్దున తాళం తిప్పగానే ఒక నిమిషం పాటు విమానం లేస్తున్నట్టు రొద వచ్చేది. అది వినపడక రెండేళ్లయింది. బండి నెమ్మదించిందని సంతోషించాను కూడా. ఆయన తల ఊపాడు. రోగం ఆయనకి అప్పటికే దొరికిందని నా నమ్మకం. మిగతాదంతా దాన్ని రుజువు చేసుకోవడమే.

వైద్యంలో నాడి పట్టడం అంటామే, అది ఇక్కడ ఆ మొదటి ప్రశ్న. బండి వేగంగా పోతుంటే గాలి దానంతట అదే రేడియేటర్‌లోకి దూసుకొస్తుంది, ఫ్యాన్‌తో పనిలేదు. అప్పుడు కూడా వేడెక్కితే నీటి ప్రయాణంలో అడ్డు ఉన్నట్టు: రేడియేటర్ గొట్టాలు పూడిపోవడమో, వాటర్ పంపు అరగడమో, కింది హోస్ లోపలికి పీల్చుకుపోవడమో. నిలబడినప్పుడే వేడెక్కితే లోటు గాలిలో ఉంది. కొత్త సామాన్లు మార్చుకుంటూ పోయేవాళ్లకి ఈ ఒక్క ప్రశ్న తట్టి ఉంటే నా జేబుకి చిల్లు పడేది కాదు.

పైగా ఇక్కడి గాలి మామూలు గాలి కాదు. 2010 జూలైలో దోహాలో 50.4 డిగ్రీలు నమోదైంది. రేడియేటర్‌లో నీళ్లు 90 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. బయట 25 డిగ్రీలుంటే ఆ రెంటి మధ్య తేడా 65. బయట 48 ఉంటే 42. వేడిని బయటికి నెట్టేది ఆ తేడాయే కనక, అదే ఫ్యాన్, అదే రేడియేటర్ మూడో వంతు బలం పోగొట్టుకున్నట్టే. ఆపైన ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కి ముందే కూచుని తన వేడి కూడా దాని మొహాన కొడుతుంది. హైదరాబాద్‌లో పదేళ్లు నడిచినా బయటపడని జబ్బు ఇక్కడ పది నిమిషాల్లో బయటపడుతుంది.

మర్నాడు పొద్దున, ఇంజిన్ చల్లగా ఉండగా, ఆయన చేతి పని మొదలైంది. స్టార్ట్ చేయించి పై హోస్‌ని గుప్పిట్లో పట్టుకున్నాడు. గ్యాస్కెట్ పోయి సిలిండర్‌లోని మంట గ్యాస్ నీళ్లలోకి వస్తుంటే, ఇంజిన్ వేడెక్కకముందే, అర నిమిషంలో ఆ రబ్బరు రాయిలా బిగుసుకుంటుందట. బిగుసుకోలేదు. అయినా ఆయన అంతటితో ఊరుకోలేదు. ఇంజిన్ కొంచెం కాగాక, రేడియేటర్ మూతి మీద నీలం రంగు ద్రవం పోసిన గాజు గొట్టం పెట్టి గాలి లాగాడు. మంట గ్యాస్ తగిలితే నీలం పసుపవుతుంది. నీలం నీలంగానే ఉంది. నాకు ఆ పూటే ఆకలి వేసింది.

ముల్లుని మాత్రం ఆయన నమ్మడు. ఈ మోడళ్లలో అది మధ్యలో స్థిరంగా ఉండేలా తయారు చేశారు, వేడి కాస్త అటూ ఇటూ అయినా కదలదు, కదిలే సరికే ఆలస్యం అంటాడు. చేతిలో దూరం నుంచే వేడి కొలిచే చిన్న మీటరు పట్టుకుని రేడియేటర్ మీద అడ్డంగా, నిలువుగా తిప్పాడు. ఎక్కడైనా ఒక చోట హఠాత్తుగా చల్లగా ఉంటే అక్కడ గొట్టాలు మూసుకుపోయినట్టు. అంతటా సమానంగానే ఉంది.

ఇక ఫ్యాన్. ఇంజిన్ బాగా కాగాక ఆపేసి, తాళం చెవి నా దగ్గర తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. చేతులు రెక్కల మధ్య ఉన్నప్పుడు తాళం ఇంకొకరి దగ్గర ఉండకూడదు. తర్వాత వేలితో రెక్కని ఒక్క తోపు తోశాడు. వేడి మీదున్న మంచి ఫ్యాన్ బరువుగా, అర చుట్టు కూడా తిరక్కుండా ఆగాలి. మాది జాతరలో రంగులరాట్నంలా నాలుగు చుట్లు తిరిగింది.

ఈ ఫ్యాన్ కరెంటుతో కాదు, బెల్టుతో తిరుగుతుంది. బెల్టు పుల్లీకీ రెక్కలకీ మధ్య అరచేయంత అల్యూమినియం డబ్బా ఉంటుంది, అదే ఫ్యాన్ క్లచ్. ముందు వైపు దోమల కాయిల్‌లా చుట్టిన రేకు స్ప్రింగు. రేడియేటర్ నుంచి వేడి గాలి తగిలితే అది మెలి తిరిగి లోపల చిన్న కిటికీ తెరుస్తుంది, సిలికోన్ నూనె ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పాకి రెండు పళ్లాలనీ పట్టేస్తుంది, రెక్కలు జోరందుకుంటాయి. రాత్రంతా బండి కదలకపోతే నూనె పళ్లాల మధ్యకి దిగుతుంది. పొద్దున్నే వచ్చే ఆ నిమిషం రొద దానిదే. మా క్లచ్ నడుము చుట్టూ జిడ్డుకి దుమ్ము పట్టి నల్లటి గీత ఉంది. నూనె ఏళ్ల తరబడి అక్కడినుంచే కారిపోయింది.

కొత్త క్లచ్ కొని బిగిస్తే అరపూట పని. ఆయన పాతదాన్నే విప్పాడు, బేరింగు గట్టిగా ఉంది కాబట్టి. విప్పేముందు సూదితో రెండు సగాల మీదా అడ్డంగా ఒక సన్నటి గీత గీశాడు. మళ్లీ మూసేటప్పుడు ఆ గీత కలవాలి, లేకపోతే తూకం తప్పి అదురుతుంది. లోపలంతా తుడిచాడు. సిలికోన్ నూనె చిన్న ట్యూబుల్లో వస్తుంది, ఒక్కోటి 18 మిల్లీలీటర్లు. రెండు వాడాడు. తేనె కంటే తొందర లేని నూనె అది. ట్యూబు బోర్లించి పట్టుకుని, చివరి బొట్టు దిగేదాకా అలాగే నిలబడ్డాడు, ఫోను మోగినా ఎత్తలేదు. నూనె చదునయ్యేదాకా మూత పెట్టలేదు. నేను గడియారం చూసుకుంటుంటే, "దీనికి మన జల్దీ ఎర్కలేదన్నా" అన్నాడు.

ఈలోగా షెడ్డులో పనిచేసే కుర్రాడు కండెన్సర్‌ని ముందుకి జరిపాడు. దానికీ రేడియేటర్‌కీ మధ్య ఇసుక, పీచు, చచ్చిన పురుగులు కలిసి కంబళిలా పేరుకున్నాయి. సీలైన్ ఇసుక దిబ్బల్లో మేం గడిపిన శుక్రవారాల లెక్కంతా అందులో ఉంది. నీళ్ల పైపుని ఇంజిన్ వైపు నుంచి బయటికి పట్టించాడు అన్న, ధార సన్నగా. ముందు నుంచి కొడితే మట్టి ఇంకా లోపలికి పోతుంది, గట్టిగా కొడితే జాలీ మడతపడుతుంది.

పరీక్ష మధ్యాహ్నం. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పదింటి నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నిబంధన. అందుకని బండి ఎండలో, మేం షెడ్డులో. ఏసీ ఫుల్లు, ఇంజిన్ నిలబడే నడుస్తోంది. పది నిమిషాలకి నెమ్మదిగా ఫ్యాన్ గొంతు మారింది, హోరుమంది. అన్న చాయ్ గ్లాసు కింద పెట్టి వెళ్లి ఫ్యాన్ వెనక గాలికి చెయ్యి అడ్డం పెట్టాడు. మీటరు చూశాడు. మళ్లీ వచ్చి చాయ్ అందుకున్నాడు. ముప్పావుగంట అలాగే ఉంచాడు.

మర్నాడు పొద్దున మా పార్కింగ్‌లో తాళం తిప్పగానే ఆ రొద గోడలకి తగిలి మోగింది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. గాడీ ఖరాబ్ హోగయా సాబ్ అని అడిగాడు. లేదు, ఠీక్ హోగయా అన్నాను. నమ్మలేదు.