వికేంద్రీకృత మాధ్యమములు – ఐరోపా శాసనము

ఐరోపా సమాఖ్యవారి డిజిటల్ సేవల శాసనము 2024 ఫిబ్రవరి 17 నుండి సంపూర్ణముగా అమలులోనికి వచ్చినది. నెలకు 4.5 కోట్లమంది ఐరోపీయులు వాడు వేదికలపై గురుభారము మోపి, చిన్న సంస్థలకు పెక్కు విధులనుండి మినహాయింపు నిచ్చుట దాని వివేకము.

అయితే పలువురు విడివిడిగా నడుపు మాస్టొడాన్ వంటి మాధ్యమములందు ఒకచోట వెలసిన మాటకు నకళ్లు పలు సర్వరులలో నిలుచును. ఫిర్యాదు వచ్చినచో ప్రతి నిర్వాహకుడును తన నకలునకు విడిగా జవాబుదారి. జీతము లేని సేవకునికిని ఈ విధి తప్పకపోవచ్చును. శాసనము పరిమాణమును కొలిచినది గాని, ఈ పొత్తును కొలువలేదు.

ఇది మనకేల యనరాదు. తెలుగు చర్చలకు నెలవైన 'రచ్చబండ' యాహూ గుంపులలో నుండెడిది. 2020లో ఆ సేవయే మూతపడినది. అద్దెయింటి వెతలు చెన్నపురి తెలుగువారికి క్రొత్తవి కావు. సొంత గూడు మేలు. కాని అందు దీపము పెట్టువానికి అండయైన శాసనమును, తోడుండు సంఘమును లేనిచో ఆ గూడును నిలువదు.