హామ్‌శాట్ ఉపగ్రహం: పాఠశాల దృష్టితో ఒక పరిశీలన

2005 మే 5వ తేదీన శ్రీహరికోట నుంచి లేచిన పి.యస్.యల్.వి.-సి 6 రాకెట్టు రెండు ఉపగ్రహాలను కక్ష్యలో ప్రవేశపెట్టింది. పెద్దది, పటాల తయారీకి భూమి ఛాయాచిత్రాలు తీసే కార్టోశాట్-1. దానితోపాటు వెళ్ళిన 42.5 కిలోగ్రాముల చిన్నది హామ్‌శాట్. రేడియోను వృత్తిగా గాక అభిరుచిగా అభ్యసించే 'హామ్'ల కోసం భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ నిర్మించినది ఇది. 2014 జూలైలో బాటరీలు చెడిపోయి మూగవోయింది. తొమ్మిదేండ్లు పనిచేసిన ఉపగ్రహాన్ని పొగడడం తేలిక. కాని ఉపగ్రహాలతో సంబంధం పెట్టుకొనే రేడియో కేంద్రాన్ని తమ బడిలో నెలకొల్పాలనుకొనే ఉపాధ్యాయులకు పొగడ్త కన్న పరీక్ష ఎక్కువ ఉపయోగం. ఉపగ్రహం పనిలో సగం ఆకాశంలో జరుగుతుంది. తక్కిన సగం నేలమీది కేంద్రంలో జరుగుతుంది. రెండూ కలిపి తూచినప్పుడే దాని విలువ తెలుస్తుంది.

హామ్‌శాట్ చేసిన పని స్థూలంగా ఇది: నేల నుంచి 435 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో వచ్చే సంకేతాలను గ్రహించి, వాటిని 145.9 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి మార్చి, బలపరచి, తిరిగి కిందికి పంపడం. ఈ పరికరాన్ని ట్రాన్స్‌పాండర్ అంటారు. ఇటువంటివి అందులో రెండుండేవి. ఒకటి మన దేశంలో తయారైనది. రెండవది హాలండు దేశపు ఇంజనీరింగు విద్యార్థి ఒకరు తయారుచేసినది.

ఇందులో మొదట మెచ్చుకోవలసింది పౌనఃపున్యాల ఎన్నిక. పైకి పోయే తరంగాల పౌనఃపున్యం, కిందికి వచ్చే వాటికి సుమారు మూడు రెట్లు. రెండు వైపులా ఒకే తీరు సాదా ఏంటెన్నాలు వాడినప్పుడు, పౌనఃపున్యం మూడు రెట్లయితే అవతలివైపు అందే శక్తి తొమ్మిదో వంతుకు పడిపోతుంది. ఉపగ్రహానికి దొరికేది సూర్యఫలకాలిచ్చే కొద్దిపాటి విద్యుత్తు. నేలమీది వానికి ఆ ఇబ్బంది లేదు. కనుక నష్టం తక్కువగల దారి ఉపగ్రహానికి, ఎక్కువగల దారి నేలమీది వానికి కేటాయించడం న్యాయం. దీని ఫలితంగా ఒక్కొక్కటి అర మీటరు పొడవుండే లోహపు కడ్డీలతో కట్టిన ఏంటెన్నాతోనే దాన్ని వినడానికి వీలైంది. 145.9 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 2 మీటర్లకు కొంచెం ఎక్కువ. అందులో నాలుగోవంతే ఈ కడ్డీ పొడవు.

రెండవ సుగుణం, ఒకేసారి పలువురు మాట్లాడుకొనే సౌకర్యం. ట్రాన్స్‌పాండర్ 60 కిలోహెర్ట్జ్ వెడల్పుగల పట్టీని యథాతథంగా మోసుకుపోతుంది. అయితే ఈ సుగుణంలోనే ఒక చిక్కున్నది. ఉపగ్రహం ప్రసారశక్తి అందరికీ ఉమ్మడి సొత్తు. ఒకరు అవసరానికి మించిన బలంతో పంపితే, తక్కినవారి వాటా తరిగిపోతుంది. 'పెద్ద ప్రసారిణి వుంటే మంచి కేంద్రం' అనే అభిప్రాయం ఇక్కడ పూర్తిగా తప్పు. తన సంకేతం ఉపగ్రహపు సొంత గుర్తింపు సంకేతాన్ని మించకుండా చూసుకొనేవాడే మంచి హామ్.

ఇక లోపాలు. ఇటువంటి ట్రాన్స్‌పాండరుకు మోర్స్ సంకేతాలు గాని, సింగిల్ సైడ్‌బాండ్ పద్ధతిలో మాటలు గాని తగినవి. చేతిలో పట్టుకొనే సామాన్యమైన ఎఫ్.ఎం. రేడియో సెట్టు దీనికి పనికిరాదు. కావలసిన సెట్టు ఖరీదైనది. అందువల్ల అనుభవజ్ఞుడైన హామ్‌కు హామ్‌శాట్ చక్కని సాధనమైనా, 2005 నాటి సాధారణ ఉన్నత పాఠశాలకు అందని పండే. ఈ లోపం నేడు సగం తీరింది. కంప్యూటరుకు తగిలించే అరచేతిలో ఇమిడే గ్రాహకాలు వచ్చినందున వినడం చౌక అయింది. మాట్లాడడానికి మాత్రం పరీక్ష ప్యాసై ప్రభుత్వ అనుమతి పొందిన హామ్ కావాలి.

రెండవది బాటరీ సంగతి. 1974లో ఎగిరిన ఆస్కార్-7 కూడా 1981లో బాటరీ చెడి మూగవోయింది. కాని 2002లో మళ్ళీ పలికింది. చెడిన బాటరీలో కలిసిపోయిన దారి తెగిపోయి, సూర్యఫలకాల విద్యుత్తు నేరుగా పరికరాలకు అందిందని నిపుణుల ఊహ. అక్కడ యాదృచ్ఛికంగా జరిగినదాన్ని ఉపగ్రహ నిర్మాతలు బుద్ధిపూర్వకంగా ఏర్పాటు చేయడం మేలని, ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే తోస్తుంది.

హామ్‌శాట్ కన్న మెరుగైన సాధనం ఇప్పుడున్నది గదా అని కొందరనవచ్చు. 2018 నవంబరులో ఎగిరిన ఎస్‌హైల్-2 భూస్థిర ఉపగ్రహం. అందులోని హామ్ ట్రాన్స్‌పాండర్లు తూర్పు రేఖాంశం 25.9 డిగ్రీల వద్ద కదలక నిలిచి వుంటాయి. హైదరాబాదు నుంచి చూస్తే అది పడమటి దిక్కున, కొద్దిగా దక్షిణానికి ఒరిగి, సుమారు 28 డిగ్రీల ఎత్తున వుంటుంది. డిష్ ఒకసారి బిగిస్తే చాలు. పంపిన మాట దాదాపు పావు సెకను తరువాత తిరిగి వినిపిస్తుంది. కాంతి వేగాన్ని పిల్లలకు చెవితో తెలియజెప్పడానికి ఇంతకన్న మంచి ప్రయోగం లేదు. సౌకర్యంలో దీనిదే పైచేయి.

కాని బోధనలో కాదు. సుమారు 630 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం మహా అయితే 13 నిమిషాలే కనిపిస్తుంది. ఆ కొద్దిసేపట్లో అది చెప్పే పాఠాలు మెండు. ఉదయించేటప్పుడు 145.9 మెగాహెర్ట్జ్ కన్న సంకేతం 3.3 కిలోహెర్ట్జ్ ఎక్కువగాను, అస్తమించేటప్పుడు అంతే తక్కువగాను వినిపిస్తుంది. ఇదే డాప్లర్ ఫలితం. 3.3 కిలోహెర్ట్జ్‌ను 145.9 మెగాహెర్ట్జ్‌తో భాగించి, కాంతి వేగంతో గుణిస్తే సెకనుకు సుమారు 6.8 కిలోమీటర్లు వస్తుంది. ఉపగ్రహపు అసలు వేగం 7.5. ఈ తేడా ఎందుకు? దిగంతం దగ్గర ఉపగ్రహం వినేవాని వైపు నేరుగా రాదు, కొంత ఏటవాలుగా వస్తుంది. ఆ కోణపు కొసైన్ భూవ్యాసార్ధాన్ని కక్ష్యావ్యాసార్ధంతో భాగిస్తే వచ్చే 0.91. త్రికోణమితి ఎందుకు చదవాలని అడిగే విద్యార్థికి ఇదే సమాధానం. దూరం సంగతి కూడా ఇంతే. నడినెత్తిన 630 కిలోమీటర్లున్నది, దిగంతాన 2,900 అవుతుంది. అందే శక్తి ఇరవయ్యోవంతుకు తగ్గుతుంది. విలోమవర్గ సూత్రం పుస్తకం దాటి చెవికి చేరుతుంది.

కావున బడిలో పెట్టే కేంద్రానికి క్రమం ఇట్లా వుండాలి: మొదట రెండు జతల కడ్డీల ఏంటెన్నా, చిన్న గ్రాహకం, ఒక కంప్యూటరు, కాగితం, గడియారం. ఆకాశంలో తిరిగే ఏ తక్కువ ఎత్తు ఉపగ్రహపు గుర్తింపు సంకేతంతోనైనా పై లెక్క చేయవచ్చు. ఆ లెక్క పిల్లల చేత సరిగా చేయించిన తరువాతే ప్రసారిణి, ఆ తరువాతే డిష్. సామాను ముందు కొని పాఠం తరువాత వెదికే కేంద్రం కొద్ది నెలల్లో అల్మరాలో చేరుతుంది.

హామ్‌శాట్ మూగవోయినా, తక్కువ శక్తితో ఎక్కువమందికి అందాలన్న దాని సూత్రం నిలిచే వున్నది. బడి కేంద్రానికి కూడా అదే కొలత కావాలి. ఎంత దూరం మాట్లాడిందని గాక, ఎందరు పిల్లల చేతికి పెన్సిలిచ్చిందని దాన్ని అడగాలి.